మెయింటెనెన్స్ ఎవరిది?

గుడి కనబడితే ఎవరు కట్టించారని అడుగుతాం. చెరువు కనబడితే ఎవరు తవ్వించారని అడుగుతాం. బొమ్మ కనబడితే ఎవరు చెక్కారని. జవాబు దొరగ్గానే తల పంకించి, ఫొటో తీసుకుని, కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తాం. కట్టించినాయన పోయి ఐదారువందల ఏళ్ళయింది కదా, ఇన్నాళ్ళూ దీన్ని ఎవరు చూసుకున్నారు, కప్పు కారితే పైకెక్కింది ఎవరు అన్నది మాత్రం అడగం. శిలాఫలకాల మీద ఆ పేర్లుండవు కాబట్టి అలాంటివాళ్ళు ఉంటారన్న ఊహే మనకి రాదు.

మా బావగారికి వస్తుంది. ఆయన రోడ్లు భవనాల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. సర్వీసంతా కల్వర్టులకీ, సర్కారు బంగళాల కప్పులకీ మరమ్మతు ఎస్టిమేట్లు వేయడంతోనే సరిపోయిందని ఆయన బాధ. "కొత్త వంతెనకైతే మంత్రిగారొస్తారు, కొబ్బరికాయ కొడతారు. పాత వంతెనకి రిపేరు చేస్తే ఎవరొస్తారయ్యా? ట్రాఫిక్ ఆపామని తిట్టడానికి జనం వస్తారు" అంటుంటారు. అలాంటి మనిషి వెంట ఇటలీ చూశాను. మైకెలాంజెలో కోసం బయల్దేరినవాణ్ణి, ఆయన్ని మనదాకా చేర్చినవాళ్ళ కథలు వింటూ తిరిగాను.

ఫ్లోరెన్స్‌లో ఆ రోజు పొద్దున్నే అకాడెమియా గ్యాలరీ ముందు లైన్లో నిలబడ్డాం. లోపల పొడవాటి నడవ. అటూ ఇటూ రాతిలోంచి సగం బయటికొచ్చి ఆగిపోయిన బందీల బొమ్మలు, మైకెలాంజెలో పూర్తిచేయకుండా వదిలేసినవి. నడవ చివర, పైనుంచి పడే వెలుతురులో డేవిడ్. మూడు నిలువుల ఎత్తు, కచ్చితంగా చెప్పాలంటే 5.17 మీటర్లు. అంతకుముందు ఇద్దరు శిల్పులు చెయ్యిపెట్టి మనవల్ల కాదని వదిలేసిన కరారా పాలరాయి అది. ఏళ్ళతరబడి ఎండకి ఎండి వానకి తడిసిన ఆ రాతిని 1501లో ఇరవయ్యారేళ్ళ కుర్రాడి చేతికిచ్చారు. 1504కల్లా డేవిడ్ తయారయ్యాడు. కిందికి వేలాడే కుడిచేతి మీద నరాలు ఉబ్బి ఉంటాయి. మెడ పక్కన కండ బిగిసి ఉంటుంది. బైబిలు కథలోని మహాకాయుడు గోలియత్ మీదికి రాయి విసరబోయే ముందు క్షణం ఇది అని పుస్తకాలు చెబుతాయి. ఆ మెడ చూశాక పుస్తకం అక్కర్లేదు.

నేనలా తలెత్తి చూస్తుంటే బావగారు కనబడలేదు. వెనకవైపు వంగి, డేవిడ్ కాలికి ఆనుకున్న రాతి మొద్దుని పరిశీలిస్తున్నారు. "ఇటు రావోయ్. ఈ మొద్దులో సన్నగా బీట చూశావా? ఎడమ చీలమండ దగ్గర ఇంకోటి. ఐదు టన్నులకి పైన బరువు, ఇంత సన్నటి కాళ్ళ మీద నిలబెట్టాడు మహానుభావుడు!" అని, పక్కనే ఉన్న గైడు అమ్మాయిని అడిగేశారు: "అమ్మా, దీని మెయింటెనెన్స్ ఎవరిది?"

ఆ అమ్మాయి మొహం విప్పారింది. అందరూ డేవిడ్ ఒంటిమీద బట్టలెందుకు లేవని అడిగేవాళ్ళే తప్ప ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరట. రెండు నెలలకోసారి, గ్యాలరీకి సెలవైన సోమవారం నాడు, చుట్టూ పరంజా కట్టి ఒకావిడ పైకెక్కుతుంది. మెత్తటి కుంచెతో జుట్టు ముంగురుల్లోంచీ, చెవి మడతల్లోంచీ దుమ్ము దులుపుతుంది. వీపున తగిలించుకున్న వాక్యూమ్ యంత్రం ఆ దుమ్ముని పీల్చేసుకుంటుంది. ఆ దుమ్ము ఎక్కడిదయ్యా అంటే చాలావరకు చూడ్డానికి వచ్చినవాళ్ళదే: బట్టల నూలుపోగులు, ఒంటి మీది పొట్టు. "అయితే మన దుమ్ము మనమే మోసుకొచ్చి డేవిడ్ మీద పోస్తున్నామన్నమాట" అన్నారు బావగారు.

డేవిడ్ పడ్డ కష్టాలు వింటే దుమ్ము ఒక లెక్కలోది కాదు. 1504 నుంచి 1873 దాకా ఆ విగ్రహం ఊరి నడిబొడ్డున, రాజభవనం గుమ్మం దగ్గర, ఆరుబయట ఉంది. 1527లో ఊరిని ఏలే మెదిచి వంశం మీద జనం తిరగబడినప్పుడు పై కిటికీలోంచి విసిరిన బల్ల తగిలి ఎడమచెయ్యి విరిగింది. ఆ ముక్కల్ని ఏరి దాచినవాళ్ళు ఇద్దరు కుర్రాళ్ళు. అందులో ఒకడు వసారి, తర్వాత ఇటలీ చిత్రకారుల జీవితచరిత్రలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. 1843లో శుభ్రం చేస్తామని బయల్దేరినవాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కడిగారు. మురికితోపాటు రాతి పై నునుపూ పోయింది. 1991లో ఒకడు సుత్తితో ఎడమకాలి వేలు పగలగొట్టాడు. సుత్తి పట్టుకున్నవాణ్ణి అందరం తిడతాం. ఆసిడ్ పోసినవాడు ప్రేమకొద్దీ పోశాడు, చెరుపు మాత్రం వాడిదే ఎక్కువ. తెలియని ప్రేమ ఎంత పని చేస్తుందో ఆ రాతిని అడిగితే తెలుస్తుంది.

అక్కణ్ణించి డువోమోకి, అంటే ఊరి పెద్ద చర్చికి, నడిచాం. ఊళ్ళో ఏ వీధిలో నిలబడ్డా ఇళ్ళ మధ్యలోంచి ఆ ఎర్రటి గుమ్మటం కనబడుతూనే ఉంటుంది. బ్రూనెల్లెస్కి 1420లో మొదలుపెట్టి 1436కి ముగించిన పని. నలభై లక్షలకు పైగా ఇటుకలు పట్టాయంటారు. కమాను కట్టాలంటే కింద చెక్క ఫ్రేము వేసి, దాని మీద ఇటుకలు పేర్చి, ఆరాక ఫ్రేము లాగేయడం మామూలు పద్ధతి. ఇంత వెడల్పుకి అంత కలప ఎక్కడ తెస్తారు? బ్రూనెల్లెస్కి కింద ఆధారమే లేకుండా, ఒకదానిలో ఒకటిగా రెండు గుమ్మటాలు లేపాడు. ఇటుకల్ని అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని పేర్చుకుంటూ, ఏ వరసకావరస పడిపోకుండా బిగించుకుంటూ వెళ్ళాడు. ఆ రెండు గుమ్మటాల నడుమ సందులోంచే పైకి మెట్లు, మొత్తం 463. మోకాళ్ళ నొప్పులున్న మా బావగారు ప్రతి మలుపులోనూ ఆగారు. ఆయాసం తీర్చుకోవడానికి అనుకున్నాను గాని, గోడ మీద చెయ్యి పెట్టి ఇటుకల వరసలు చూసుకుంటున్నారు.

పైన గాలికి చెమట ఆరాక మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి జవాబు విని ఆయన మెట్ల మీదే కూలబడ్డారు. ఈ చర్చి పని చూడ్డానికి 1296లో ఒక సంస్థ పెట్టారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలం. గుమ్మటం ముగిసిన 1436తో చర్చి పని ఐపోలేదు, ఆ సంస్థా మూతపడలేదు. ఈ రోజుకీ గుమ్మటం బీటల కొలతలు, పాలరాతి మరమ్మతులు, టిక్కెట్ల లెక్కలు దానివే. మిలాన్ డువోమోకి కూడా 1387 నుంచి అలాంటి సంస్థే ఉంది. అరిగిన రాయి తీసి కొత్తది పెట్టడానికి దానికి సొంత క్వారీ కూడా ఉంది. "ఏడొందల ఏళ్ళ ఎస్టాబ్లిష్‌మెంటయ్యా! రాజులు పోయారు, ప్రజాప్రభుత్వాలొచ్చాయి, యుద్ధాలొచ్చాయి. సెక్షన్ మాత్రం ఎత్తేయలేదు" అన్నారు బావగారు. పెన్షనుదారు గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు.

గుమ్మటం ఎదురుగా ఉన్న జ్ఞానస్నాన మందిరానికి బంగారు పూతతో మెరిసే తలుపులున్నాయి. జనం ఫొటోలు తీసుకునేవి నకళ్ళు. అసలువి వెనకవీధి మ్యూజియంలో, అద్దాల వెనక. గిబెర్టి 1425 నుంచి 1452 దాకా, ఇరవయ్యేడేళ్ళు, పది పలకల కంచు తలుపులు పోతపోశాడు. 1966 నవంబరు 4న ఆర్నో నది ఊరి మీద పడింది. వరదతోపాటు ఇళ్ళ కింద చలికాగడానికి నిలవుంచిన నూనె కూడా కలిసి, నల్లటి జిడ్డు బురద చర్చిల్లోకీ గ్రంథాలయాల్లోకీ దూరింది. తలుపుల మీది పది పలకల్లో ఐదు ఊడి బురదలో పడ్డాయి. శాంతా క్రోచె చర్చిలో చిమబూయె గీసిన శిలువ చిత్రం సగానికి పైగా రంగు పోగొట్టుకుంది. ఎక్కడెక్కడి దేశాలనుంచో కుర్రకారు వచ్చి పడి, నడుంలోతు బురదలో వరసగా నిలబడి, తడిసిన పుస్తకాల్ని చేతినుంచి చేతికి అందించారు. ఊరివాళ్ళు వాళ్ళని బురద దేవదూతలన్నారు. ఇక ఆ తలుపులు బాగుపడి 2012లో మళ్ళీ జనం ముందుకొచ్చాయి. బాగుచేయడానికి పట్టింది కూడా ఇరవయ్యేడేళ్ళే. చేసినవాడికి ఇచ్చినంత గడువు బాగుచేసేవాళ్ళకీ ఇచ్చిన ఊరు అది. "మార్చి ముప్పైయొకటిలోపల బిల్లు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయని ఎవరూ బెదిరించలేదన్నమాట" అన్నారు బావగారు.

ఫ్లోరెన్స్‌లో మెదిచీల పేరు వినబడని గోడ లేదు. బాంకర్లుగా మొదలై, దొరలై, పోపులై, బొత్తిచెల్లినీ మైకెలాంజెలోనీ పోషించినవాళ్ళు. వాళ్ళలో నాకు ఎక్కువ నచ్చింది ఆ వంశపు చివరి ఆడపడుచు, ఆన్నా మరియా లూయిసా. పిల్లల్లేరు, తమ్ముడు పోయాడు, రాజ్యం లొరేన్ వంశానికి వెళ్ళిపోతోంది. కొత్త దొరలు బొమ్మల్ని బళ్ళకెత్తుకుని వియన్నాకో మరోచోటికో తరలించుకుపోతే అడిగే దిక్కు లేదు. 1737లో ఆవిడ వాళ్ళతో ఒక ఒప్పందం రాయించుకుంది. మావాళ్ళు పోగుచేసిన చిత్రాలు, విగ్రహాలు, పుస్తకాలు, నగలు మీకే ఇస్తాను, కాని ఒక్కటి కూడా ఈ ఊరి పొలిమేర దాటకూడదు. అవి రాజ్యానికి అలంకారంగా, ప్రజలకి ఉపయోగంగా, విదేశీయుల్ని రప్పించేవిగా ఇక్కడే ఉండాలి అని దాని సారాంశం. 1743లో ఆవిడ పోయింది. ఇవాళ ఉఫీజీ గ్యాలరీలో బొత్తిచెల్లి వీనస్ ముందు తోసుకునే జనమంతా ఆ కాగితం పిలిస్తే వచ్చిన విదేశీయులే, మేమూ అందులోవాళ్ళమే. దస్తావేజు రాయడం కూడా ఒక కళేనని ఆవిడ వల్ల ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం పీసా రైలెక్కాం. గంట ప్రయాణం. దారిలో మిలాన్ మాట వచ్చింది. అక్కడ లియొనార్డో గీసిన 'చివరి విందు'ని పదిహేను నిమిషాలకు మించి చూడనివ్వరు. గాలిలో దుమ్ము వడకట్టే గదులు దాటించి కొద్దిమందిని లోపలికి పంపి, టైమవగానే బయటికి పంపేస్తారు. అంత అపురూపం ఎందుకంటే, దాని ఆయుష్షు మొదటినుంచీ గండమే. తడి సున్నం మీద గబగబా గీయాల్సిన పద్ధతి లియొనార్డోకి నచ్చలేదు. తీరిగ్గా దిద్దుకుంటూ గీయడానికి పొడి గోడ మీద రంగులు వేశాడు. ఆయన కళ్ళముందే పొరలు లేవడం మొదలైంది. 1652లో భోజనశాలకి తలుపు కావాలని సన్యాసులు గోడకి కన్నం కొట్టారు, ఏసుక్రీస్తు పాదాలు ఆ కన్నంలో పోయాయి. తర్వాత వచ్చినవాళ్ళు బాగుచేస్తామంటూ పైన తమ రంగులు పూశారు. 1943 ఆగస్టులో బాంబు పడి గది కూలింది. ఇసుక బస్తాల చాటున ఆ గోడ నిలిచింది. 1978లో పినిన్ బ్రాంబిల్లా బార్చిలోన్ అనే ఆవిడ పని మొదలుపెట్టింది. భూతద్దం కింద, అంగుళం అంగుళంగా, అడ్డదిడ్డంగా పూసిన రంగులు తీసుకుంటూ 1999కి ముగించింది. నిండు జీవితంలో ఇరవయ్యేళ్ళు ఒక గోడ ముందు!

ఆవిడ చేసిన పనిలో గొప్ప ఏమిటంటే, పూర్తిగా పోయినచోట లియొనార్డోలా గీసి మాయచేయలేదు. లేత నీటిరంగు గీతలు వేసి వదిలింది. పట్టుచీరకి రఫూ చేసేవాడు కుట్టు కనబడకుండా చూసుకుంటాడు, ఆవిడ కనబడేలా కుట్టింది. ఇది ఆయన చెయ్యి, ఇది నా చెయ్యి అని తేడా తెలియాలని. తన పనిని తానే తక్కువ చేసి చూపించుకునే వినయం చిత్రకారుల్లో ఉండదు. ఉండనక్కర్లేదు కూడా. కాపాడేవాళ్ళకి ఆ వినయం లేకపోతే చిత్రమే మిగలదు.

పీసా గోపురం దగ్గర అందరూ చేసే పనే అందరూ చేస్తున్నారు: గాల్లో చేతులు పెట్టి పడిపోకుండా ఆపుతున్నట్టు ఫొటోలు. మా బావగారు ఫొటోకి ఒప్పుకోలేదు. "ఆపినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ క్రెడిట్ మనకెందుకు" అన్నారు. 1173లో మొదలైన కట్టడం మూడో అంతస్తుకొచ్చేసరికి ఒకవైపు మెత్తటి నేలలోకి దిగడం మొదలైంది. పని ఆగింది, సుమారు వందేళ్ళపాటు. ఆ వందేళ్ళలో కింద మట్టి గట్టిపడబట్టే గోపురం బతికిందని, ఒక్క ఊపున కట్టేసివుంటే అప్పుడే కూలేదని ఇంజనీర్లు తేల్చారు. "బిల్లులందక ఆగిన పనులు బోలెడు చూశాను, ఆగడం వల్ల బాగుపడింది ఇదొక్కటే" అని బావగారి వ్యాఖ్య.

దీనికీ ప్రేమ గండాలున్నాయి. 1838లో పునాది రాళ్ళు అందరికీ కనబడాలని చుట్టూ మట్టి తవ్వారు, గోపురం ఇంకాస్త ఒరిగింది. 1934లో ముసోలినీ హయాంలో నిటారుగా నిలబెడదామని పునాదికి కన్నాలు వేసి సిమెంటు నింపారు, మరికాస్త ఒరిగింది. 1989లో పావియా ఊళ్ళో ఓ పాత గోపురం ఉన్నట్టుండి కూలి నలుగురు పోయారు. ఆ భయంతో 1990 జనవరిలో పీసా గోపురానికి తాళం వేశారు. ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు సీసపు దిమ్మెలు పేర్చి ముందు ఊపిరి తీసుకున్నారు. తర్వాత అదే వైపు నేలలోకి సన్నటి గొట్టాలు దించి, పునాది కిందినుంచి కొద్దికొద్దిగా మట్టి లాగారు. అటువైపు నేల దిగుతున్నకొద్దీ గోపురం వెనక్కి వాలింది. పైకొస దగ్గర నలభై సెంటీమీటర్లకు పైన వెనక్కి వచ్చాక ఆపేశారు. 2001 డిసెంబరులో తలుపులు తెరిచారు. కొలతల ప్రకారం ఎంత అవసరమో అంతే చేసి, వంకర వంకరగానే ఉంచి చేతులు కడుక్కున్నారు. ఎక్కడ ఆపాలో తెలిసిన రిపేరు అది.

బావగారు గడ్డి మీద కూచుని చాలాసేపు గోపురం వైపే చూశారు. తర్వాత అన్నారు: "కాళహస్తి గాలిగోపురం గుర్తుందా?" ఎందుకుండదు? 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల గోపురం, 2010 మే 26న రాత్రి కుప్పకూలింది. బీటలు ముందే కనబడ్డాయి. అదే చోట కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకం జరిగింది, భక్తులకి లోటు లేదు. కాని రాయలు చూసిన గోపురం మనం చూశాం, మన మనవలు చూడరు.

బావగారిది గుంటూరు జిల్లా కాబట్టి మాట అమరావతి మీదికి మళ్ళింది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే అక్కడి మహాస్తూపం దిబ్బని ఇళ్ళరాళ్ళ కోసం తవ్వుతున్నారు. చెక్కడపు పలకల్ని బట్టీల్లో కాల్చి సున్నం చేసుకున్నారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా పలకలు 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇవాళ అమరావతి శిల్పం బాగా చూడాలంటే చెన్నైకో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్ళాలి. చెక్కిన చేతుల్లో మనవాళ్ళు ఎవరికీ తీసిపోలేదు. ఊరు దాటనివ్వనని రాయించుకునే ఆన్నా మరియా ఒక్కరు దొరకలేదు.

మనవల్ల కాని పని అయితే ఈ పోలిక అన్యాయమే. కాదు. నాగార్జునసాగర్ నీళ్ళలో మునగబోయే నాగార్జునకొండ కట్టడాల్ని రాయి రాయీ విప్పి కొండమీదికీ, అనుపు అనే చోటికీ చేర్చింది మనవాళ్ళే. శ్రీశైలం జలాశయంలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురంలో మళ్ళీ నిలబెట్టిందీ మనవాళ్ళే. ప్రళయం ముంచుకొస్తే మనం అద్భుతాలు చేస్తాం. రోజువారీ దుమ్ము దులపడమే మన స్వభావానికి పడదు.

ఇటలీ వాళ్ళు మనకంటే మంచివాళ్ళనో, కళాభిమానులనో నేననను. ఆసిడ్ పోసిందీ, ఏసు పాదాలకి కన్నం కొట్టిందీ వాళ్ళే. ఒక్క తేడా ఉంది. చేసిన చెరుపుని తేదీతో సహా రాసి పెట్టుకున్నారు. చూసుకునే బాధ్యతని ఒక మనిషికి, ఒక జీతానికి, ఒక సోమవారానికి కట్టిపెట్టారు. అంతకుమించిన రహస్యమేమీ నాకు కనబడలేదు.

మీ ఊళ్ళో పాత గుడి ఉంటే, కమిటీవారు ఈ ఏడు ఉత్సవాలకి రాతి స్తంభాలకి ఎనామిల్ పెయింటు వేయిద్దామనీ, ఇసుక యంత్రంతో కొట్టించి తళతళలాడిద్దామనీ, గర్భగుడిలో టైల్స్ పరిపిద్దామనీ అంటే, భక్తికి అడ్డుపడ్డావంటారని భయపడకండి. పురావస్తు శాఖవాళ్ళని ఒకసారి పిలిపించి చూపించాకే చెయ్యి వేయమని చెప్పండి. కొత్త మండపానికి చందా రాస్తే రాయండి, అందులో పదోవంతు ఏటా వానాకాలానికి ముందు శిఖరం మీది రావిమొక్కలు పీకించడానికీ, కారే చోట సున్నం పెట్టించడానికీ విడిగా రాయండి. ఆ పని చూసే మనిషి ఎవరో పేరు పెట్టి నియమించి, నెలనెలా జీతం ఇవ్వండి.